ఆవర్తన పట్టిక నిర్మాత మెండలీఫ్

ఏ ఉన్నత పాఠశాలలోనైనా, ఏ కళాశాలలోనైనా రసాయనశాస్త్ర ప్రయోగశాలలో అడుగుపెట్టగానే గోడమీద వేలాడే ఒక పెద్ద పటం మన దృష్టిని ఆకర్షిస్తుంది. గళ్ళు గళ్ళుగా గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క మూలకం సంకేతాన్నీ, సంఖ్యనూ పొందుపరచిన ఆ పటమే ఆవర్తన పట్టిక. పరీక్షలు సమీపించినప్పుడు మనలో పలువురు దానిని ఎక్కాలవలె వల్లెవేస్తాము. పరీక్ష ముగియగానే మరచిపోతాము. నిజానికి విద్యార్థి కంఠస్థం చేయవలసిన భారాన్ని తగ్గించటానికే ఆ పట్టిక పుట్టింది. దానిని నిర్మించిన మహనీయుడు తాను ఎరిగిన మూలకాలకు స్థానం కల్పించినంత శ్రద్ధతోనే, తాను ఎరుగని మూలకాలకు కూడా స్థానం విడిచిపెట్టాడు. ఆ ఖాళీ గళ్ళే ఆయన కీర్తికి పునాదులైనాయి. రష్యా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు డిమిట్రీ ఇవనోవిచ్ మెండలీఫ్ జీవితాన్ని సంగ్రహంగా విద్యార్థి మిత్రుల ముందుంచదలచాము.

తల్లి త్యాగం

మెండలీఫ్ 1834వ సంవత్సరం ఫిబ్రవరి 8వ తేదీన సైబీరియాలోని టొబోల్స్క్ ప్రాంతంలో, అధిక సంతానం గల కుటుంబంలో కడసారి బిడ్డగా జన్మించాడు. తండ్రి ఇవాన్ ఆ పట్టణంలో ఉన్నత పాఠశాలకు అధిపతి. కుమారుడు పుట్టిన కొద్దికాలానికే ఆయన చూపు కోల్పోయి, ఉద్యోగం విడువవలసి వచ్చింది. స్వల్పమైన పింఛనుతో ఇల్లు గడవని పరిస్థితిలో తల్లి మరియా సంసార భారాన్ని తన భుజాలపై వేసుకొన్నది. సమీప గ్రామంలో తన పుట్టింటివారికి చెందిన గాజు కర్మాగారాన్ని తానే నడిపించింది. బాలుడైన మెండలీఫ్ ఇసుక కరిగి గాజుగా మారే వింతను ఆ కొలిమి ప్రక్కనే నిలిచి చూచాడు.

1847లో తండ్రి మరణించాడు. మరుసటి సంవత్సరం ఆ కర్మాగారం అగ్నికి ఆహుతి అయింది. సామాన్యులైతే అంతటితో క్రుంగిపోయి ఉండేవారు. కాని మరియా తన చిన్న కుమారుని బుద్ధిబలం మీద అచంచలమైన విశ్వాసం ఉంచి, 1849లో అతనినీ, ఒక కుమార్తెనూ వెంటబెట్టుకొని మాస్కోకు బయలుదేరింది. నాటికి ఆ దారిలో రైలు లేదు; రెండు వేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. తీరా వెళ్ళిన తరువాత, సైబీరియా విద్యార్థులకు అక్కడ ప్రవేశం లేదని మాస్కో విశ్వవిద్యాలయం నిరాకరించింది. ఆ తల్లి నిరాశ చెందక సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరుకొన్నది. అక్కడ తన భర్త చదివిన ఉపాధ్యాయ శిక్షణ సంస్థలోనే 1850లో కుమారునికి ప్రవేశం సంపాదించింది. తలపెట్టిన కార్యం నెరవేరిన ఆ సంవత్సరమే ఆమె కన్నుమూసింది. 1887లో ద్రావణాలపై తాను వెలువరించిన బృహద్గ్రంథాన్ని మెండలీఫ్ ఆ తల్లి స్మృతికే అంకితం చేసి, ఋణం కొంతైనా తీర్చుకొన్నాడు.

విద్యార్థి దశలో మెండలీఫ్ ఆరోగ్యం క్షీణించింది. క్షయవ్యాధి అని వైద్యులు అనుమానించారు. అయినను 1855లో స్వర్ణపతకంతో చదువు ముగించి, వెచ్చని వాతావరణం కోసం దక్షిణాన గల క్రిమియా ప్రాంతంలో ఉపాధ్యాయుడుగా చేరాడు. అక్కడ పిరొగోవ్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు పరీక్షించి, భయపడవలసినది ఏమీ లేదని ధైర్యం చెప్పాడు. వైద్యుని మాట నిజమైంది. ఎక్కువకాలం జీవించడని పలువురు భావించిన ఆ యువకుడు తరువాత అర్ధ శతాబ్దానికి పైగా జీవించాడు.

చిక్కుబడిన పరమాణు భారాలు

1859లో మెండలీఫ్ ప్రభుత్వ సహాయంతో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరానికి వెళ్ళి, అద్దె ఇంటిలోనే చిన్న ప్రయోగశాల నెలకొల్పుకొని పరిశోధనలు సాగించాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో కార్ల్స్‌రూహే నగరంలో ఐరోపా రసాయన శాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. ఆ సభ ప్రాముఖ్యాన్ని గ్రహించాలంటే నాటి గందరగోళాన్ని కొంత తెలుసుకోవాలి.

ఒక మూలకపు పరమాణువు హైడ్రోజన్ పరమాణువుకంటె ఎన్ని రెట్లు బరువైనదో తెలిపే సంఖ్యయే పరమాణు భారం. నీటిలో 1 గ్రాము హైడ్రోజన్‌కు 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటుందని ప్రయోగం చెబుతుంది. నీటి అణువులో ఒక్కొక్కటే పరమాణువు ఉన్నదనుకొంటే ఆక్సిజన్ భారం 8 అవుతుంది. హైడ్రోజన్ పరమాణువులు రెండు ఉన్నాయనుకొంటే 16 అవుతుంది. అణువుకూ, పరమాణువుకూ భేదం స్పష్టంగా తెలియని ఆ రోజులలో ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్యను వాడుతుండేవారు. ఇటలీ శాస్త్రజ్ఞుడు కానిజారో తన దేశీయుడైన అవగాడ్రో సిద్ధాంతం ఆధారంగా ఈ చిక్కును విప్పి, ఆ సభలో వివరించాడు. మెండలీఫ్ ఆ ఉపన్యాసం విన్నాడు. సరియైన పరమాణు భారాలు చేతికి చిక్కిన తరువాతనే వాటి మధ్య క్రమాన్ని వెదకటం సాధ్యమైంది.

పాఠ్యపుస్తకం నుండి మహానియమం

స్వదేశం చేరిన మెండలీఫ్ 1867లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడైనాడు. విద్యార్థులకు చెప్పటానికి తగిన పుస్తకం రష్యన్ భాషలో కానరాక, తానే ఒకటి వ్రాయ సంకల్పించాడు. అదే రసాయనశాస్త్ర మూలసూత్రాలు అనే గ్రంథం. మొదటి భాగం ముగిసేసరికి హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్, హాలోజన్‌లు మొదలైన కొద్ది మూలకాలు మాత్రమే పూర్తి అయినాయి. నాటికి తెలిసినవి 63 మూలకాలు. మిగిలినవన్నీ ఒక్క రెండవ భాగంలో ఇమడాలి. వాటిని ఏ వరుసలో చెప్పాలి? దేని తరువాత దేనిని చెబితే విద్యార్థికి సుబోధకంగా ఉంటుంది? ఒక ఉపాధ్యాయుని మనస్సులో ఉదయించిన ఈ ప్రశ్న నుండియే ఆవర్తన నియమం పుట్టిందని మనం గుర్తుంచుకోవాలి.

ఆయన ఒకదానితో ఒకటి ఏ పోలికా లేని రెండు కుటుంబాలను ప్రక్కప్రక్కన ఉంచి చూచాడు. ఫ్లోరిన్ 19, సోడియం 23. క్లోరిన్ 35.5, పొటాషియం 39. బ్రోమిన్ 80, రుబీడియం 85. అయొడిన్ 127, సీసియం 133. ఒక వంక ఘాటైన హాలోజన్‌లు, మరొక వంక మెత్తని క్షారలోహాలు. గుణాలలో ఉత్తర దక్షిణ ధ్రువాలు. అయినప్పటికీ ప్రతి హాలోజన్‌కూ కొద్దిపాటి భారంతో పైన ఒక క్షారలోహం నిలిచి ఉన్నది. భారం పెరుగుతూ పోయినకొలదీ మూలకాల గుణాలు మారుతూ మారుతూ, కొంత దూరం తరువాత మొదటి గుణాలే మరల దర్శనమిస్తున్నాయి. వారాలవలె, ఋతువులవలె గుణాలు ఆవర్తనం చెందుతున్నాయి. 1869 మార్చి 1వ తేదీన, అనగా నాటి రష్యా పంచాంగం ప్రకారం ఫిబ్రవరి 17న, ఆయన తన మొదటి పట్టికను సిద్ధం చేశాడు.

ఈ పట్టిక ఆయనకు కలలో కనబడినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కాని కొట్టివేతలతో, దిద్దుబాట్లతో నిండిన ఆయన చిత్తుప్రతి నేటికీ భద్రంగా ఉన్నది. దాని వెనుక ఏళ్ళ తరబడి సాగిన కృషి ఉన్నదని ఆ కొట్టివేతలే సాక్ష్యం చెబుతున్నాయి.

మెండలీఫ్‌కు పూర్వం ఈ మార్గంలో నడచినవారు లేకపోలేదు. జర్మనీలో డాబరైనర్ మూడేసి మూలకాల గుంపులను చూపాడు. ఫ్రాన్సులో షాంకుర్‌త్వా మూలకాలను ఒక స్తూపం చుట్టూ చుట్టి చూపాడు. ఇంగ్లండులో న్యూలాండ్స్ 1865లో ప్రతి ఎనిమిదవ మూలకం మొదటి దానిని పోలి ఉన్నదన్నాడు. జర్మనీకే చెందిన లోథర్ మేయర్ ఇంచుమించు ఇటువంటి పట్టికనే స్వతంత్రంగా రూపొందించాడు. మరి మెండలీఫ్ విశిష్టత ఏమి? ఇతరులు తమకు తెలిసిన మూలకాలను వరుసలో సర్దారు. మెండలీఫ్ ఆ వరుసను ప్రకృతి నియమంగా విశ్వసించి, ఆ నియమానికి లోబడని లెక్కలను ప్రశ్నించాడు. నియమానికి అవసరమైన చోట ఖాళీని ఖాళీగానే ఉంచాడు.

ఉదాహరణకు, నాడు బెరిలియం భారం 14 అని పలువురి అభిప్రాయం. ఆ లెక్కన అది నైట్రోజన్ గడిలో పడాలి. దాని గుణాలకు అది తగిన చోటు కాదు. 9 అయితే లిథియం 7కు, బోరాన్ 11కు మధ్య చక్కగా ఇముడుతుంది. కావున 9 సరియైనదని ఆయన నిర్ధారించాడు. యురేనియం భారాన్ని 120 నుండి 240కి, ఇండియం భారాన్ని 76 నుండి 114 దాపునకు మార్చాడు. తరువాతి ప్రయోగాలు ఈ మూడింటినీ సమర్థించాయి.

నిండిన గళ్ళు

1869 నాటి పట్టికలోనే 45, 68, 70 అనే భారాల వద్ద మెండలీఫ్ ప్రశ్నార్థకాలు ఉంచాడు. 1871లో మరింత సాహసించి, ఇంకా ఎవరూ కనుగొనని మూడు మూలకాల గుణాలను సవిస్తరంగా ప్రకటించాడు. వాటికి తాత్కాలికంగా ఏక బోరాన్, ఏక అల్యూమినియం, ఏక సిలికాన్ అని నామకరణం చేశాడు. ఈ ఏక శబ్దం మన సంస్కృత భాషలోనిదే. పట్టికలో తెలిసిన మూలకానికి ఒక స్థానం దిగువన ఉన్నది ఏక, రెండు స్థానాల దిగువన ఉన్నది ద్వి. ఏకవచనం అని చదివే తెలుగు విద్యార్థికీ, ఏక్ అని లెక్కించే ఉర్దూ విద్యార్థికీ పరిచితమైన ఆ మాట పీటర్స్‌బర్గ్ నగరంలో ఒక రసాయన శాస్త్రజ్ఞుని కలం నుండి వెలువడటం మనకు సంతోషదాయకం.

ఎవరైనా ప్రయోగం చేసి తన మాట తప్పని నిరూపించగల విధంగా ఆయన సంఖ్యలతో సహా జోస్యం చెప్పాడు. అందువలన ఆయన పేరుప్రతిష్ఠలు ఆ ఖాళీ గళ్ళలో పణంగా నిలిచాయి. పలువురు శాస్త్రజ్ఞులు ఈ జోస్యాన్ని అంతగా పట్టించుకోలేదు.

1875లో ఫ్రాన్సు దేశీయుడు లకాక్ ద బ్వాబోద్రాన్ పిరనీస్ పర్వతాలలో లభించిన జింకు ఖనిజాన్ని వర్ణపటదర్శినితో పరీక్షిస్తూ ఒక క్రొత్త మూలకాన్ని కనుగొని, గాలియం అని పేరు పెట్టాడు. అది తన ఏక అల్యూమినియమే అని మెండలీఫ్ వెంటనే ప్రకటించాడు. అయితే కనుగొన్నవాడు దాని సాంద్రత 4.7 అన్నాడు, మెండలీఫ్ 5.9 ఉండాలన్నాడు. మూలకాన్ని కంటితో చూడనివాడు, చేతిలో ఉంచుకొన్నవాని కొలతను తప్పుపట్టాడు! ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నమూనాను మరింత శుద్ధిచేసి తిరిగి కొలిచాడు. వచ్చిన విలువ 5.9. ఆ నాటి నుండి విజ్ఞాన ప్రపంచం మెండలీఫ్ మాటను చెవియొగ్గి వినసాగింది.

1879లో స్వీడను దేశంలో నీల్సన్ కనుగొన్న స్కాండియం, ఏక బోరాన్‌గా తేలింది. 1886లో జర్మనీలో వింక్లర్ కనుగొన్న జెర్మేనియం ఏక సిలికాన్ స్థానాన్ని పూరించింది. మెండలీఫ్ చెప్పిన పరమాణు భారం 72. వింక్లర్ కొలిచినది 72.3. దాని క్లోరైడు సాంద్రత 1.9 అని జోస్యం, ప్రయోగంలో 1.887. ఆ క్లోరైడు 100 డిగ్రీలకు లోపుననే మరుగుతుందని జోస్యం; వింక్లర్ చూచినది 86 డిగ్రీలు. ఇట్లు పదునైదేళ్ళలో మూడు గళ్ళు నిండాయి. 1882లో లండన్ రాయల్ సొసైటీవారు మెండలీఫ్‌కూ, లోథర్ మేయర్‌కూ కలిపి డేవీ పతకం బహూకరించారు.

ప్రజాసేవ, స్వాభిమానం

మెండలీఫ్ ప్రయోగశాల నాలుగు గోడలకే పరిమితం కాలేదు. 1876లో అమెరికా వెళ్ళి పెన్సిల్వేనియా చమురు పరిశ్రమను పరిశీలించాడు. రాతినూనె వట్టి ఇంధనం మాత్రమే కాదని, అనేక రసాయనాలకు మూలపదార్థమని బోధించాడు. 1887లో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మేఘాలకు పైనుండి చూడటానికి గాలిగుమ్మటంలో ఎగురదలచాడు. వానకు తడిసిన గుమ్మటం ఇద్దరి బరువును మోయలేదని తెలియగానే, నడుపువానిని దింపివేసి, అనుభవం ఏమాత్రం లేకపోయినా ఒంటరిగా ఎగిరి, క్షేమంగా దిగివచ్చాడు.

అంతటి శాస్త్రజ్ఞునికి స్వదేశంలో తగిన గౌరవం లభించలేదు. 1880లో రష్యా విజ్ఞాన అకాడమీ స్వల్ప ఓట్ల తేడాతో ఆయనను సభ్యునిగా తిరస్కరించింది. 1890లో విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ కోరికలతో ఒక విజ్ఞప్తి సిద్ధం చేయగా, దానిని స్వయంగా విద్యామంత్రికి అందజేయటానికి మెండలీఫ్ అంగీకరించాడు. మంత్రి దానిని స్వీకరించక త్రిప్పిపంపాడు. విద్యార్థులకు ఇచ్చిన మాట చెల్లించిన ఆ గురువు, ఈ అవమానాన్ని సహింపక ఆచార్య పదవికి రాజీనామా చేశాడు. తదనంతరం 1893లో తూనికలు కొలతల సంస్థకు అధిపతియై, రష్యాలో మెట్రిక్ పద్ధతి ప్రవేశానికి బాటవేశాడు. 1906లో నోబెల్ బహుమతి కమిటీలో అధిక సంఖ్యాకులు ఆయన పేరునే సూచించినప్పటికీ, స్వీడను అకాడమీ ఫ్లోరిన్‌ను వేరుచేసిన మోయిసాన్‌ను ఎన్నుకొన్నది. 1907 ఫిబ్రవరి 2వ తేదీన, 73వ పుట్టినరోజుకు ఆరు దినాల ముందు, మెండలీఫ్ పరమపదించాడు.

నిర్మాతను మించిన నిర్మాణం

మహనీయుల జీవితాలను చదివేటప్పుడు వారి పొరపాట్లను దాచటం న్యాయం కాదు. మెండలీఫ్ ఊహలన్నీ ఫలించలేదు. 1894లో ఆర్గాన్ అనే జడవాయువు బయటపడినప్పుడు, పట్టికలో దానికి చోటు కానరాక, అది నైట్రోజన్ రూపాంతరమేమోనని ఆయన శంకించాడు. చాలకాలం తరువాతనే జడవాయువులకు ప్రత్యేక వర్గాన్ని అంగీకరించాడు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నా, పరమాణువు విభజింపదగినదని నమ్మటానికి ఆయన మనస్సు ఒప్పుకోలేదు. 1902లో పారిస్ వెళ్ళి క్యూరీ దంపతుల ప్రయోగశాలను చూచి కూడా, ఒక మూలకం మరొక మూలకంగా మారుతుందనే భావాన్ని స్వీకరించలేకపోయాడు. తెలియని మూలకాలకు తలుపు తెరచి ఉంచినవాడు, తెలియని పరమాణు నిర్మాణానికి తలుపు మూసుకొన్నాడు. విచిత్రమేమంటే, ఆయన పట్టికకు అసలు కారణం ఆ మూసిన తలుపు వెనుకనే ఉన్నది.

పట్టికలో ఒక చిక్కు మెండలీఫ్‌ను చివరివరకు వేధించింది. టెలూరియం భారం 128, అయొడిన్ భారం 127. భారక్రమం ప్రకారం అయొడిన్ ముందు రావాలి. కాని గుణాలనుబట్టి అది క్లోరిన్, బ్రోమిన్‌ల క్రిందనే ఉండాలి. మెండలీఫ్ గుణాలనే నమ్మి టెలూరియంను ముందుంచాడు. దాని భారాన్ని తప్పుగా కొలిచారని భావించాడు. స్థానం సరియైనదే, ఆయన చెప్పిన కారణం మాత్రం సరికాదు.

ఆ కారణాన్ని ఇంగ్లండుకు చెందిన యువ శాస్త్రజ్ఞుడు హెన్రీ మోజ్లీ 1913, 1914 సంవత్సరాలలో కనుగొన్నాడు. పరమాణువు మధ్య ధనావేశం గల కేంద్రకం ఉన్నదని రూథర్‌ఫర్డ్ 1911లో తెలిపి ఉన్నాడు. వివిధ మూలకాలు వెలువరించే ఎక్స్ కిరణాలను మోజ్లీ కొలిచి చూడగా, వాటి పౌనఃపున్యపు వర్గమూలం మూలకం నుండి మూలకానికి సమానమైన మెట్లలో పెరుగుతున్నది. ఆ మెట్టు సంఖ్యయే పరమాణు సంఖ్య. అది కేంద్రకంలోని ధనావేశాల సంఖ్య. టెలూరియం 52, అయొడిన్ 53. ఆర్గాన్ 18, పొటాషియం 19. వరుసను నిర్ణయించేది భారం కాదు, ఈ సంఖ్య. ఇంతటి సత్యాన్ని వెలికితీసిన మోజ్లీ మొదటి ప్రపంచ యుద్ధంలో గలిపోలీ రణరంగాన 1915 ఆగస్టు 10న, 27 ఏళ్ళ ప్రాయంలో మరణించటం విజ్ఞాన చరిత్రలో తీరని విషాదం.

గుణాల పునరావృత్తికి కారణం ఎలక్ట్రాన్‌ల అమరికలో దొరికింది. కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్‌లు ఉన్నాయో, దాని వెలుపల అన్ని ఎలక్ట్రాన్‌లు కర్పరాలలో అమరి ఉంటాయి. సోడియంలో ఆ అమరిక 2, 8, 1. పొటాషియంలో 2, 8, 8, 1. రెండింటికీ వెలుపలి కర్పరంలో ఉన్నది ఒక్కటే. అందువలననే అవి సోదరులు. క్లోరిన్‌లో 2, 8, 7. నిండటానికి ఒకటి తక్కువ. ఆర్గాన్‌లో 2, 8, 8. దానికి ఇచ్చిపుచ్చుకొనే అవసరమే లేదు. అల్యూమినియం వెలుపలి కర్పరంలో మూడు, ఏక అల్యూమినియమైన గాలియంలోనూ మూడు. రసాయన చర్యలలో పాల్గొనేవి ముఖ్యంగా ఈ వెలుపలి ఎలక్ట్రాన్‌లే. కావున అవి అదే సంఖ్యలో మరల వచ్చినప్పుడెల్లా అవే గుణాలు మరల వస్తాయి. మెండలీఫ్ నమ్మని ఎలక్ట్రానే మెండలీఫ్ నియమాన్ని నిలబెట్టింది. ఒక నియమం దానిని కనుగొన్నవాని అభిప్రాయాలను కూడా మించి సత్యమై నిలవటమే దాని గొప్పతనానికి గీటురాయి.

1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో సీబోర్గ్, గియోర్సో మొదలైనవారు 101వ మూలకాన్ని కృత్రిమంగా సృష్టించారు. వారికి చిక్కినవి 17 పరమాణువులు మాత్రమే. అమెరికా, సోవియట్ రష్యాల మధ్య తీవ్రమైన వైరం నడుస్తున్న ఆ రోజులలో, అమెరికా శాస్త్రజ్ఞులు ఆ మూలకానికి ఒక రష్యన్ పేరు పెట్టారు: మెండలీవియం. బ్రతికి ఉండగా నోబెల్ బహుమతి దక్కనివాడు తాను నిర్మించిన పట్టికలోనే శాశ్వతంగా ఒక గడిని పొందాడు. 2016లో నాలుగు క్రొత్త మూలకాలకు నామకరణం జరగటంతో పట్టికలోని ఏడు వరుసలూ 118 మూలకాలతో నిండినాయి. మొదటి పట్టిక వెలువడి 150 ఏళ్ళు పూర్తయిన సందర్భంలో ఐక్యరాజ్యసమితి 2019ని ఆవర్తన పట్టిక సంవత్సరంగా పాటించింది.

విద్యార్థి మిత్రులారా! తెలిసినదానిని క్రమంలో పెట్టటం విద్యలో మొదటి మెట్టు. ఆ క్రమంలో మనకు తెలియనిది ఎక్కడ ఉన్నదో గుర్తించి, దానిని కప్పిపుచ్చక, ఆ చోటును నిజాయితీతో ఖాళీగా ఉంచటం రెండవ మెట్టు. మన పరీక్షాపత్రాలలో ఖాళీలను ఏదో ఒక మాటతో నింపివేయటమే మనకు అలవాటు. ఖాళీని గౌరవించి, దాని నాలుగు వైపులా ఉన్నదానిని పరిశీలించి, లోపల ఏమి ఉండాలో ఆలోచించటం మెండలీఫ్ నేర్పిన పాఠం. ఇకమీదట ప్రయోగశాల గోడమీద ఆ పటం కనబడినప్పుడు, అందులోని 21, 31, 32 సంఖ్యలు గల గళ్ళవైపు ఒకసారి చూడవలసినదిగా కోరుతున్నాము. స్కాండియం, గాలియం, జెర్మేనియం నేడు నివసించే ఆ మూడు గళ్ళూ ఒకనాడు ఒక ఉపాధ్యాయుడు ధైర్యంతో విడిచిన ఖాళీలే.